చౌడు మిద్దెల ఓబయ్య

ఓబయ్య మన్ను నోట్లో వేసుకుని చూసేవాడు. ఎగతాళికి చెప్తున్న మాట కాదిది, అతని పని అలాంటిది. నంద్యాల పాత ఇళ్లన్నీ మట్టి మిద్దెలు. వాటి మీద ఏటా వానలకు ముందు చౌడు పరవాలి. చౌడంటే ఉప్పు తేలిన తెల్లమన్ను. మంచిదైతే నీళ్లు తగలగానే బిగుసుకుపోయి చుక్క కిందికి దిగనివ్వదు. చెడ్డదైతే ఇంటిల్లిపాదీ గిన్నెలూ చెంబులూ పట్టుకుని గదుల్లో తిరగాల్సిందే. ఏది మంచిదో చూపుకు తేలదు. అందుకని బండి వచ్చి ఆగగానే ఓబయ్య చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకునేవాడు. ఉప్పగా తగిలి, ఆ వెనకనే కాస్త చేదు తగిలితే దింపమనేవాడు. పళ్ల కింద ఇసుక కరకరమంటే ఉమ్మేసి బండిని తిప్పి పంపేవాడు. బండివాళ్లు తిట్టిన తిట్లకు ఏనాడూ బదులు చెప్పలేదు.

అతని నాయన అహోబిలం నరసింహుడి మీద భక్తితో ఓబయ్య అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత ఇంటిల్లిపాదీ క్రైస్తవంలో కలిసినప్పుడు పాదిరిగారు ఆ పేరు చెల్లదని మోషే అని రాశారు. చెల్లినా చెల్లకపోయినా ఆదివారం ఒక్కరోజు మోషే, మిగతా ఆరు రోజులూ ఓబయ్యే. పిలిచేవాళ్లకు ఏది నోరు తిరిగితే దానికే పలికేవాడు.

అతను చౌడు పరిచే మిద్దెల్లో ముఖ్యమైనవి పాత బజారు వెనక వీధిలో ఉండేవి. పదకొండు ఇళ్లు, ఒకే వరస. నూరేళ్ల కిందట ఒకే మేస్త్రీ ఒకే ఏడు కట్టాడని చెప్పుకునేవారు. ఇంటికీ ఇంటికీ మధ్య సందు లేదు. ఒక్కో గోడ రెండు ఇళ్లది. కిందినుంచి చూస్తే పదకొండు తలుపులు, పదకొండు అరుగులు, పదకొండు రకాల గుమ్మాలు. పైకెక్కితే మాత్రం ఒకే మిద్దె. ఓబయ్య ఉత్తరం కొసన నిచ్చెన వేసుకుని ఎక్కి, పిట్టగోడలు దాటుకుంటూ, పరుచుకుంటూ, దిమ్మిసతో కొట్టుకుంటూ, నాలుగు రోజులకు దక్షిణం కొసన దిగేవాడు. ఎక్కడ దూలం మెత్తబడిందో, ఎక్కడ దాని మీద అడ్డంగా పరిచిన దంతె వంగిందో మడమ ఆనిస్తే తెలిసేది. చెప్పులు వేసుకుని మిద్దె ఎక్కిన మనిషంటే అతనికి ఒళ్లు మండేది.

పనంతా పైనే. ఆ ఇళ్ల గడప అతను ఎప్పుడూ దాటలేదు. చర్చి పేట మనిషి ఆ వీధి ఇళ్లలోకి వెళ్లే వాడుక లేదు. వద్దని ఎవరూ అననక్కర్లేదు, వస్తానని అతను అడగనక్కర్లేదు. నిచ్చెన వీధిలోంచే వేసుకునేవాడు, వీధిలోకే దిగేవాడు. దూలం మార్చాల్సి వస్తే వడ్లవాళ్లు లోపలినుంచి మార్చేవారు, ఓబయ్య పైన మన్ను సర్దేవాడు. అలా ముప్పై ఏళ్లు పదకొండు కుటుంబాలు తడవకుండా చూసిన మనిషికి ఆ ఇళ్లలో ఒక్క ఇల్లూ లోపలెలా ఉంటుందో తెలియదు. ఇది అన్యాయమని ఇప్పుడు ఎవరైనా అంటారు. అప్పుడు ఆ మాట అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

తెలియదనడం కూడా పూర్తిగా నిజం కాదు. మిద్దెకు గవాచి ఉంటుంది కదా, వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ కప్పులో వదిలిన కంత. నాలుగో ఇంటి గవాచి దగ్గరికి వచ్చేసరికి కిందినుంచి సుగుణమ్మ గొంతు వినిపించేది.

"ఓబయ్యా, పొయ్యి పక్కన కారుతాండాది. పోయినేడు కూడా ఆడనే కారె."

"పొయ్యికి యా పక్కమ్మా? ఎడమనా, కుడినా?"

"నువ్వు పైనుంచి చూస్తే ఎడమ, నాకు కుడి."

సుగుణమ్మది ఆళ్లగడ్డలో రైతు కుటుంబం. పదిహేనేళ్లకు ఆ ఇంటికి కోడలుగా వచ్చింది, నలభై నిండకముందే భర్త పోయాడు, పిల్లలు లేరు. పెద్ద నోరు, పెద్ద చెయ్యి. మధ్యాహ్నం కాగానే జొన్నరొట్టె, పచ్చడి మూటగట్టి దోటి కొసకు తగిలించి గవాచిలోంచి పైకి ఎత్తేది. అతను తీసుకుని, ఉత్త గుడ్డను మళ్లీ కిందికి జారవిడిచేవాడు. ఒకరి మొహం ఒకరికి బాగా తెలుసు, కానీ ఆమెను అతను పైనుంచే చూశాడు, అతన్ని ఆమె కిందినుంచే చూసింది.

పందొమ్మిదివందల డెబ్బై అయిదులో వారం రోజులు ముసురు పట్టింది. వేరే వీధిలో ఒక మిద్దె కూలి ఒక ఎద్దు చచ్చిపోయింది. మనుషులెవరూ పోలేదు కానీ భయం మనుషులకే పట్టుకుంది. అప్పటికే ఊళ్లో సిమెంటు గాలి వీస్తోంది. ఎవరింటి ముందు కంకర కుప్ప పడితే ఆ ఇంటివాళ్ల నడకే మారిపోయేది. పాత బజారు పెరిగి ఈ వీధి మొదటిదాకా వచ్చింది. మిద్దె తీసి స్లాబు వేసి, కింద షట్టర్లు పెడితే అంగళ్లు అవుతాయని వీధిలో సగంమంది లెక్క. అందులో ముందున్నవాడు అయిదో ఇంటి ఆదినారాయణ. రెండో సగానికి సుగుణమ్మే పెద్ద.

"ఒక మేస్త్రీ చేతి మింద ఇంత వరస కట్టిండేది జిల్లాలో ఇంగ యాడుందో చూపిచ్చండి. పోగొట్టుకుంటే మళ్లా కట్టేవాడు లేడు," అని ఆమె వాదన.

"మన నెత్తిన పడేదాకా కాపాడుకుందామంటావా వదినా?" అని ఆదినారాయణ వాదన.

రెండూ కాదనలేని మాటలే. తగువు తెగక వీధివాళ్లే ఒక కమిటీ వేసుకున్నారు. ఏ ఇంటికి ఆ ఇల్లు చూపిద్దాం, ఉండొచ్చన్న ఇల్లు ఎవరూ ముట్టుకోకూడదు, ఉండరాదన్న ఇల్లు తీసేసుకోవచ్చు అని ఒప్పందం. వీధిలోనే ఉన్న రిటైరైన ఓవర్సీయరుగారు పేర్లు రాసి, ఎదురుగా రెండు గళ్లు గీశారు. చూసేది ఎవరు అన్నప్పుడు ఇంజనీరు పేరు ఎత్తితే మిద్దెలు ఉంచాలన్నవాళ్లు నమ్మలేదు, వడ్లమేస్త్రీ పేరు ఎత్తితే తీసేయాలన్నవాళ్లు నమ్మలేదు. ఓబయ్య పేరు ఎత్తితే ఎవరూ కాదనలేదు. అబద్ధం చెప్పడని అందరికీ తెలుసు. ఆ వీధి మిద్దెల భారం అలా చౌడు మోసేవాడి మాట మీద పడింది.

కూతురు రూతు అప్పుడు టీచరు ట్రైనింగులో ఉంది. "నీకేంటికి నాయనా పెద్దోళ్ల తగువు? ఏం చెప్పినా ఒకరికి చెడ్డవుతావ్," అంది.

"ఉన్నది ఉన్నట్టు చెప్తే చెడ్డేందీ?" అన్నాడు ఓబయ్య. భార్య మరియమ్మ ఉతికిన పంచె తీసిపెట్టింది. అతను గర్వపడ్డాడు. దాచుకోవడం కూడా చేతకాలేదు, చర్చిలో పక్కవాడికి చెప్పుకున్నాడు.

ఆ రోజు మొదటిసారి తలుపుల్లోంచి లోపలికి వెళ్లాడు. గడపల దగ్గర కాళ్లు వాటంతట అవే ఆగిపోయేవి. "రావప్పా, లోపలికొచ్చి చూడు," అని ఓవర్సీయరుగారు వెనకనుంచి అనాల్సి వచ్చేది. దూలాలు పైనుంచి మడమకు తెలిసినవి, కింద కళ్లకు కొత్తగా ఉన్నాయి. మసి పట్టి నల్లగా, పొడుగ్గా, తల మీదికి వచ్చినట్టు ఉన్నాయి. గునపం కొసతో పొడిచి చూసుకుంటూ మూడు ఇళ్లు దాటాడు. మూడూ బాగున్నాయి.

నాలుగో ఇంట్లో పొయ్యి పక్కన నిలబడి పైకి చూశాడు. గవాచిలోంచి నలుచదరంగా ఆకాశం కనిపించింది.

"ఏందీ ఓబయ్యా, అట్ల చూస్తాండావ్?" అంది సుగుణమ్మ.

"ఎప్పుడూ ఆడనుంచి ఈడికి చూస్తి గదమ్మా. ఈడనుంచి చూస్తే వేరే ఇల్లు మాదిరి ఉండాది."

సుగుణమ్మ నవ్వింది. ఆమె ఇల్లూ బాగుందన్నాడు. ఓవర్సీయరుగారు మొదటి గడిలో టిక్కు పెట్టారు.

అయిదో ఇంట్లో ఆదినారాయణ కుర్చీ వేయించాడు. వద్దు వద్దంటే భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. కాఫీ వచ్చింది, ఇంట్లోవాళ్లు తాగే స్టీలు గ్లాసులోనే. ఓబయ్య తాగి, లేచి, గునపంతో పొడిచాడు. నడిమింట్లో ఒక దూలంలోకి గునపం జానెడు దిగింది. పక్క దూలంలోకీ దిగింది. చెదలు లోపల తినేసి పైన పెచ్చు మాత్రం వదిలాయి.

"ఏం ఓబయ్యా? ఉండొచ్చా, ఉండరాదా?" అన్నారు ఓవర్సీయరుగారు.

అందరూ తన నోటి వైపు చూస్తున్నారు. అలా ఎవరూ ఎప్పుడూ అతని వైపు చూడలేదు.

"రెండు దూలాలు పోయినాయి సామీ. ఉండరాదు," అన్నాడు.

కాఫీ తాగి ఆ మాట అన్నాడని తర్వాత కొందరు అన్నారు. అది అబద్ధం. దూలాలు నిజంగానే పోయాయి. మిగతా ఆరు ఇళ్లూ ఉండొచ్చన్నాడు, అదీ నిజమే. కాగితం కింద మోషే అని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. పదకొండింట పది నిలబెట్టానని ఇంటికి వెళ్లి సంతోషంగా అన్నం తిన్నాడు.

డెబ్బై ఆరు ఎండాకాలంలో ఆదినారాయణ ఇల్లు తీసేశారు. వరస నడుమ పన్ను ఊడినట్టు ఖాళీ వచ్చింది. అటూ ఇటూ ఉమ్మడి గోడలు మిగిలాయి. నూరేళ్లుగా రెండు వైపులా ఇంటి లోపలే ఉన్న మట్టిగోడలవి, ఎండా వానా ఎరగవు. స్లాబుకు స్తంభాలు లేపడానికి గోడ మొదట్లో మనిషి లోతు గుంతలు తవ్వారు. సిమెంటు దొరక్క పని ఆగింది. జూన్లో వాన వచ్చింది.

ఓబయ్య ఎవరూ పిలవకుండానే వచ్చాడు. సుగుణమ్మ ఇంటి గోడకు బయటినుంచి చౌడు మెత్తాడు. చౌడు పరుచుకునే మన్ను, నిలువు గోడను పట్టుకోదు. పొద్దున మెత్తింది సాయంత్రానికి జారిపోయేది. మర్నాడు మళ్లీ మెత్తేవాడు. అలా పదిరోజులు చేశాడు. చూసేవాళ్లు నవ్వారు. నవ్వుతారని అతనికీ తెలుసు.

రెండో ఏటికి ఆ గోడ కడుపులా ఉబ్బి ముందుకు వచ్చింది. కమిటీ మళ్లీ కాగితం తెచ్చింది. సుగుణమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఓబయ్య గోడను చూశాడు, ఆమెను చూడలేకపోయాడు.

"ఉండరాదు," అన్నాడు. ఆ మాటా నిజమే.

ఆమె ఇల్లు విప్పించి, మంచి దూలాలు ఆరు లారీకి ఎత్తించుకుని, ఆళ్లగడ్డలో అన్న కొడుకు ఇంటికి వెళ్లిపోయింది. ఆమె ఇల్లు పోయాక మూడో ఇంటి గోడ బయటపడింది. అటువైపు ఆరో ఇంటి గోడ ఎప్పుడో బయటపడింది. ఒక ఇల్లు పోతే పక్క ఇల్లు ఊతం పోగొట్టుకునేది. ప్రతి వానాకాలానికీ రెండేసి కాగితాలు, ప్రతి కాగితం మీదా మోషే సంతకం. ఎనభై రెండు నాటికి వీధిలో మిద్దె లేదు. షట్టర్లు, వాటి మీద స్లాబు, స్లాబు మీద నీళ్ల తొట్టి. చౌడు బండ్లు ఆ వైపు రావడం మానేశాయి.

అబద్ధం ఒక్కటీ ఆడకుండా వీధి మొత్తం కూల్చిన మనిషి ఓబయ్య. ఇది అతనికి చాలాకాలం అర్థం కాలేదు. ప్రతి ఇంటినీ గుర్తు చేసుకుని, చెప్పిన ప్రతి మాటనూ వేరువేరుగా తూచి చూసుకునేవాడు. ఎక్కడా తప్పు దొరికేది కాదు. దొరకకపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. మరియమ్మ ఆ మధ్యలోనే జ్వరం వచ్చి పోయింది. రూతుకు ఆళ్లగడ్డ బడికి బదిలీ అయితే, ఎనభై మూడులో తండ్రిని వెంట తీసుకుపోయింది.

ఆళ్లగడ్డలో అతనికి పని లేదు. పొద్దున్నే శిల్పాలు చెక్కేవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు. అదే ఊళ్లో సుగుణమ్మ ఉందని తెలుసు, ఏ వీధో తెలుసు. రెండేళ్లు ఆ వీధి మొహం చూడకుండా చుట్టూ తిరిగి నడిచాడు. "పోయి ఒకసారి పలకరిచ్చి రా నాయనా, తినేస్తాదా ఏం?" అనేది రూతు. అతను తువ్వాలు భుజాన వేసుకుని శిల్పాలవాళ్ల దగ్గరికి బయల్దేరేవాడు.

ఎనభై అయిదు జూన్లో మొదటి వాన పడిన మర్నాడు సుగుణమ్మే కబురు పెట్టింది. మిద్దె కారుతోందట, రమ్మంది.

అరవై అయిదేళ్ల ఓబయ్య అరువు తెచ్చుకున్న నిచ్చెన ఒకటి మోసుకుని వెళ్లాడు. ఇక్కడా నంద్యాల మాదిరే పాత వీధి, వరస మిద్దెలు, మధ్య సందు లేదు. వీధిలోంచి నిచ్చెన వేసుకుని, చెప్పులు కింద వదిలి, ఎక్కాడు. మడమ ఆనించుకుంటూ నడిచాడు. నడిమింటి మీదికి రాగానే మడమ కింద మెత్తగా తగిలింది. గవాచి పక్కన కూర్చుని కిందికి వంగాడు. తల నెరిసిన సుగుణమ్మ పైకే చూస్తోంది.

"వచ్చినావా? ఆడికేంటికి ఎక్కితివి? తలుపు తీసే ఉండాది, ఇట్ల రా," అంది.

అతను దిగి, గడప దగ్గర ఆగకుండా లోపలికి వెళ్లాడు. ఆమె అన్న కొడుకు లక్ష్మీనారాయణ అక్కడే ఉన్నాడు. ఇల్లు తీసి స్లాబు వేయాలని అతని ఆలోచన, అత్త ఒప్పుకోవడం లేదు. ఓబయ్య గునపం తీసుకుని దూలంలోకి పొడిచాడు. జానెడున్నర దిగింది.

"ఏం ఓబయ్యప్పా, ఇల్లు బాగుండాదా, లేదా? ఉన్న మాట చెప్పు," అన్నాడు లక్ష్మీనారాయణ.

అదే ప్రశ్న. ఓబయ్య కప్పు వైపు చూశాడు. పెచ్చు ఊడిన దూలం, దాని మీద దంతెలు, పక్కన గవాచి. పైనుంచి మడమతో చూసిందీ, కిందినుంచి కంటితో చూసిందీ ఇప్పుడు ఒకేసారి తెలిశాయి. మన్నులో ఇసుక పళ్లకు తగిలినట్టు, తొమ్మిదేళ్లుగా వెతుకుతున్న తప్పు అప్పుడు తగిలింది.

"బాగలే," అన్నాడు. సుగుణమ్మ కళ్లు మూసుకుంది. "బాగలే గానీ, బాగు చెయ్యొచ్చప్పా. కింద నాలుగు ఊతకర్రలు నిలబెట్టి, పైన నేను మన్ను తీసేస్తే, గోడ ముట్టుకోకుండా దూలం మార్చొచ్చు. మూడు రోజుల పని."

లక్ష్మీనారాయణ ఏదో అనబోయాడు. సుగుణమ్మ చెయ్యెత్తి ఆపింది. ఓబయ్య వైపు తిరిగింది.

"ఆదినారాయణ ఇంట్లో దూలాలు ఇంత పోయిండెనా?"

అబద్ధం చెప్పడం అతనికి ఇప్పుడూ చేతకాలేదు.

"లేదమ్మా. ఇంతకన్నా మేలుగానే ఉండె."

"అయితే ఆ పొద్దు ఈ మాట ఏంటికి చెప్పల్యా?"

"ఎవురూ అడగల్యా తల్లీ. ఉండొచ్చా, ఉండరాదా అనే అడిగిరి." అక్కడితో ఆగి ఉంటే ఆ మాటా నిజమే అయ్యేది. అతను ఆగలేదు. "బతుకంతా మిద్దెలు బాగు చేసినోన్ని. అడగకపోయినా చెప్పాల్సింది నేనే. ఆ పొద్దు నాకు కుర్చీ ఏసిరి. కుర్చీలో కూర్చున్నాక నా పనేందో నాకే మతికి రాల్యా."

అని తువ్వాలుతో మొహం కప్పుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లక్ష్మీనారాయణ ఏం చేయాలో తోచక బయటికి వెళ్లాడు. సుగుణమ్మ ఊరుకోమనలేదు, తిట్టలేదు. అతను ఏడ్చినంతసేపూ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ఇల్లు పోయి ఏడేళ్లు దాటింది, ఓదార్చాల్సిన పని తనది కాదని ఆమెకు తెలుసు.

అతను మొహం తుడుచుకున్నాక అంది, "కొట్టంలో నా నంద్యాల దూలాలు ఉండాయి. ఆరిట్లో ఏది పనికొస్తాదో చూడు."

మూడో రోజు సాయంత్రానికి నంద్యాల దూలం ఆళ్లగడ్డ గోడల మీదికి ఎక్కింది. కింద వడ్లవాళ్లు ఊతకర్రలు తీశారు. ఓబయ్య బండిలోని చౌడు చిటికెడు నాలుక మీద పెట్టి చూసి, దింపమని, పైన పరిచి, దిమ్మిసతో కొట్టాడు. తెల్లారి వాన పడింది. అతను గోనెపట్ట కప్పుకుని మిద్దె మీద గవాచి పక్కనే కూర్చున్నాడు.

"కారుతాందామ్మా?" అని కిందికి అడిగాడు.

సుగుణమ్మ పొయ్యి పక్కన నిలబడి కాసేపు పైకి చూసింది.

"లేదు. దిగి లోపలికి రా, రొట్టె తిందువు," అంది.